లారీ మానిఫోల్డ్ పోర్టింగ్: అరగదీసే ముందు కొలత తీయండి

సంపాదకుల వారికి,

నమస్కారం. తోతాపురి మామిడి కోతలు మొదలు కాకముందే చిత్తూరు, బంగారుపాళ్యం, పలమనేరు, తిరుపతి షెడ్లలో లారీలు వరస కడతాయి. సీజన్ మధ్యలో బండి మొరాయిస్తే బాడుగ పోతుంది, తొట్టిలో కాయ కూడా మగ్గిపోతుంది. అందుకే యజమానులు ముందుగానే ఇంజిన్ పని పెట్టుకుంటారు. అట్లా హెడ్డు (సిలిండర్ల మీద బిగించే మూత) దింపిన బండికి ‘ఎట్లాగూ విప్పినాం, ఇన్‌టేక్ మానిఫోల్డ్ పోర్టింగ్ కూడా చేసేద్దాం, పికప్ వస్తుంది, లీటరుకు కిలోమీటరు పెరుగుతుంది’ అని చెప్పి అదనంగా డబ్బు తీసుకునే అలవాటు పెరిగింది. పోర్టింగ్ అబద్ధం కాదు. పద్ధతిగా చేస్తే పనికొచ్చేదే. కానీ దాని నుంచి ఎంత వస్తుందో, ఏది రాదో, ఎక్కడ చెయ్యి పెట్టకూడదో తెలియకుండా చేస్తే మంచి ఇంజిన్ పాడవుతుంది. లారీ యజమానులు, కొత్తగా పని నేర్చుకుంటున్న కుర్రాళ్లు చదువుతారని ఈ వివరాలు రాస్తున్నాం. కొంచెం పొడుగైనా దయచేసి ప్రచురించగలరు.

ముందు మానిఫోల్డ్ సంగతి. ఫిల్టర్ నుంచి, టర్బో (గాలిని ఒత్తి పంపే చక్రం) ఉంటే దాని నుంచి వచ్చిన గాలిని సిలిండర్లకు పంచే పెట్టె అది. ఇసుక అచ్చులో పోత పోసిన సరుకు కాబట్టి కోర్ (లోపలి ఖాళీ కోసం అచ్చులో పెట్టే ఇసుక దిమ్మ) అతుకుల దగ్గర లోపల సన్నటి లోహపు రెక్కలు మిగులుతాయి. కోర్ కాస్త జరిగితే రంధ్రం ఒక పక్కకు ఒరుగుతుంది. మానిఫోల్డ్ రంధ్రం, రెంటి మధ్య వేసే ప్యాకింగ్ రంధ్రం, హెడ్డు పోర్టు (హెడ్డులో గాలి పోయే దారి) మూడూ ఒకదాని మీద ఒకటి సరిగా కూర్చోకపోతే గాలి దారిలో మెట్టు ఏర్పడుతుంది. ఈ రెక్కలు తీసి, మెట్లు సరిచేసి, పదునైన అంచులకు గుండ్రం పట్టడమే పోర్టింగ్. లోపల అద్దం మాదిరి మెరిపించడం పోర్టింగ్ కాదు. రంధ్రాన్ని వీలైనంత పెద్దది చేయడం అంతకన్నా కాదు.

దీనివల్ల ఎంత లాభమో లెక్క వేసి చూడొచ్చు. లేలాండ్ ఆరు సిలిండర్ల హెచ్ ఇంజిన్‌లో బోరు (సిలిండర్ వ్యాసం) 104 మి.మీ., స్ట్రోక్ (పిస్టన్ కదిలే పొడవు) 113 మి.మీ. 2400 ఆర్‌పీఎం దగ్గర పిస్టన్ సగటు వేగం సెకనుకు 9 మీటర్లు. పోర్టు 45 మి.మీ. గుండ్రం అనుకుంటే బోరు వైశాల్యం దానికి ఐదుంపావు రెట్లకు కొంచెం పైన ఉంటుంది. అంటే పోర్టులో గాలి సగటున సెకనుకు 48 మీటర్ల వేగంతో పోతుంది. ఆ వేగంలో ఉన్న గాలి ఒత్తిడిని నీటి మట్టంలో చెప్పాలంటే సుమారు 130 మి.మీ. ఆ ఒత్తిడి మొత్తం ఒక మెట్టు దగ్గరే పోయిందనుకున్నా, వాతావరణ ఒత్తిడిలో అది ఒకటింబావు శాతం. స్ట్రోక్ మధ్యలో పిస్టన్ వేగం సగటుకు ఒకటిన్నర రెట్లు దాటుతుంది కాబట్టి ఆ క్షణంలో నష్టం రెండున్నర రెట్లు ఉంటుంది. అయినా మొత్తం కథ ఒకటి, రెండు శాతం గాలి గురించే.

మైలేజీ మాట కూడా ఇదే లెక్కలో తేలుతుంది. గాలి పీల్చుకునే శ్రమలో సగటున ఒక కిలోపాస్కల్ తగ్గించగలిగితే అది చాలా మంచి పని కింద లెక్క. నిండు లోడులో టర్బో లేని ఇంజిన్ పిస్టన్ మీద సగటున చేసే ఒత్తిడి 700 కిలోపాస్కల్ దరిదాపుల్లో ఉంటుంది. 700లో ఒకటి అంటే శాతంలో ఏడో వంతు. లోడు తక్కువున్నప్పుడు కొంచెం ఎక్కువ. లీటరుకు 4 కిలోమీటర్లు ఇచ్చే బండికి దీంతో కలిసొచ్చేది లీటరుకు పది మీటర్ల చుట్టుపక్కల. కిలోమీటరు పెరగాలంటే ఐదో వంతు డీజిల్ ఆదా కావాలి. మానిఫోల్డ్ అరగదీస్తే అది రాదు.

మరి పోర్టింగ్ చేయించాక పికప్ వచ్చిందని డ్రైవర్లు చెప్పేది అబద్ధమా? కాదు, చాలాసార్లు నిజంగానే వస్తుంది. కారణం వేరే చోట ఉంటుంది. డీజిల్ ఇంజిన్‌కు పెట్రోల్ ఇంజిన్ మాదిరి గాలిని అడ్డుకునే త్రాటిల్ లేదు. ఎప్పుడూ నిండుగా గాలి పీలుస్తుంది. బలం ఎంత రావాలో నిర్ణయించేది పంపు పంపే డీజిల్. కాబట్టి మానిఫోల్డ్ మాత్రమే మారిస్తే లోడులో పొగ కొంచెం తగ్గుతుందే కానీ బలం పెరగదు. బలం పెరిగిందంటే మానిఫోల్డ్ బిగించిన చేతితోనే ఎవరో పంపు సీలు తీసి ఫుల్ లోడ్ స్క్రూ (పంపు ఇచ్చే డీజిల్ హద్దును పెట్టే మర) తిప్పారని అర్థం. పేరు పోర్టింగ్‌కు పోతుంది, భారం పిస్టన్ మీద పడుతుంది. గ్రానైట్ దిమ్మెలు వేసుకుని మొగిలి ఘాట్ ఎక్కే బండి నిమిషాల తరబడి నిండు లోడులో ఉంటుంది. అప్పుడు అదనపు డీజిల్ పూర్తిగా కాలక నల్లపొగ వస్తుంది, సైలెన్సర్ వైపు వేడి పెరుగుతుంది, పిస్టన్ తల కరుగుతుంది, వాల్వ్ సీట్ల మధ్య హెడ్డు పగులుతుంది, టర్బో ఉంటే దాని చక్రం దెబ్బతింటుంది. పొగ పరీక్షలో బీఎస్-4కు ముందు డీజిల్ బండ్లకు 65 హెచ్‌ఎస్‌యూ (పొగ దట్టాన్ని చెప్పే కొలత), బీఎస్-4 బండ్లకు 50 హెచ్‌ఎస్‌యూ పరిమితి. స్క్రూ తిప్పిన బండి దానికీ నిలవదు.

అందువల్ల మానిఫోల్డ్ విప్పకముందు చూడాల్సినవి ఉన్నాయి. మొదటిది ఫిల్టర్. డీజిల్ లారీల్లో ఫిల్టర్ మార్చాలని ఇండికేటర్ ఎర్రగా చూపించే హద్దు సాధారణంగా 635 మి.మీ. నీటి మట్టం. పైన చెప్పిన 130తో పోల్చి చూడండి. మూసుకుపోయిన ఫిల్టర్ ఒక్కటే పోర్టింగ్‌తో ఎన్నటికీ రాబట్టలేనంత గాలిని తినేస్తుంది. క్వారీ రోడ్ల మీద తిరిగే బండికి కిలోమీటర్ల లెక్కతో ఫిల్టర్ మార్చడం సరిపోదు, కొలిచి మార్చాలి. ఆ కొలతకు ఖరీదైన మీటరు అక్కర్లేదు. తాపీ మేస్త్రీలు మట్టం చూసుకునే పారదర్శక పైపు నాలుగైదు మీటర్లు తీసుకోండి. ఒక పలక మీద యు ఆకారంలో, ఒక్కో కాలు మీటరుకు తగ్గకుండా నిలువుగా కట్టి, సగం వరకు రంగునీళ్లు పోయండి. ఫిల్టర్ దాటిన తర్వాత ఇండికేటర్ బిగించే చోట దాన్ని విప్పి పైపు ఒక కొస తగిలించండి. రెండో కొస గాలికి వదిలేయండి. ఇంజిన్ పూర్తి వేగంలో ఉన్నప్పుడు రెండు కాళ్లలో నీటి మట్టాల తేడా ఎంతో అదే ఫిల్టర్ అడ్డం. ఒక్క కాలులో ఎంత ఎక్కిందో చూసి అదే కొలత అనుకోవద్దు, తేడా దానికి రెట్టింపు ఉంటుంది. కాళ్లు పొట్టిగా ఉంటే నీళ్లు ఇంజిన్‌లోకి పోతాయి, కాబట్టి పొడవులో పిసినారితనం వద్దు. టర్బో బండికి ఖాళీగా రేస్ చేస్తే నిజమైన కొలత రాదు. లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు పక్కనొకరు కూర్చుని చూడాలి.

రెండోది వేడి గాలి. గాలి తీసుకునే బొంగు విరిగిపోయి, ఇంజిన్ పక్క గాలినే పీల్చే బండ్లు మన దగ్గర ఎన్నో ఉన్నాయి. గాలి 20 డిగ్రీలు వేడెక్కితే దాని సాంద్రత ఆరు శాతం పడిపోతుంది. బొంగు సరిచేసి, రబ్బరు బుడ్డి మార్చితే పోర్టింగ్‌కు మూడింతల ఫలితం. చిత్తూరు నుంచి పలమనేరు చేరేసరికి మూడొందల మీటర్లకు పైగా ఎత్తు పెరుగుతుంది. ఆ ఎత్తుకే మూడు శాతం దాకా గాలి పలచబడుతుంది. పైకి పోయాక బండి లాగలేదని షెడ్డుకు తెచ్చేవాళ్లు ఈ సంగతి కూడా మనసులో పెట్టుకోవాలి. ఇవి కాక ట్యాపెట్ గ్యాపులు, అంటే వాల్వుల దగ్గర వదిలే సందు (ఉదాహరణకు కమిన్స్ 6బీటీలో ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఇన్‌లెట్ 0.25, ఎక్సాస్ట్ 0.51 మి.మీ.), ఇంజెక్టర్ ప్రెషర్, పంపు టైమింగ్, ఇంటర్‌కూలర్ హోసుల లీకులు. ఇవన్నీ సరిగ్గా ఉన్న బండికే మానిఫోల్డ్ మాట ఎత్తాలి.

మానిఫోల్డ్ అన్ని ఇంజిన్లకూ ఒకటి కాదు. ఈ 6బీటీ ఇంజిన్‌నే తీసుకుంటే, అందులో విడి గొట్టాల మానిఫోల్డే లేదు. గాలి పెట్టె హెడ్డుతో కలిపి పోసి ఉంటుంది, పైన ఒక మూత మాత్రం బిగిస్తారు. దానికి ‘ఆరు పోర్టులూ పోర్టింగ్ చేశాం’ అని ఎవరైనా బిల్లు ఇస్తే, ఏం చేశారో చూపించమని అడగండి. అక్కడ కట్టర్ పెట్టారంటే అది హెడ్డులోనే పెట్టినట్టు.

హెడ్డులో కట్టర్ పెట్టకూడదన్న మాటే ఈ ఉత్తరంలో అన్నిటికన్నా ముఖ్యం. నేరుగా సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజిన్లలో చాలావాటికి ఇన్‌లెట్ పోర్టు తిన్నగా ఉండదు. నత్త గుల్ల మాదిరి వాల్వ్ చుట్టూ మెలి తిరిగి ఉంటుంది. ఆ మెలిక వల్లే గాలి సిలిండర్‌లో సుడి తిరుగుతూ దిగుతుంది, ఆ సుడిలోనే డీజిల్ తుంపర గాలితో కలుస్తుంది. మెలిక దగ్గరున్న గట్టును ‘అడ్డంగా ఉంది’ అని గీకేస్తే గాలి ఎక్కువే పోతుంది, సుడి మాత్రం చస్తుంది. డీజిల్ సరిగా కలవక పొగ పెరుగుతుంది, మైలేజీ పడిపోతుంది. పోయిన గట్టును మళ్లీ పెట్టలేరు, హెడ్డే మార్చాలి. పెట్రోల్ కార్ల హెడ్డు పోర్టింగ్ చేసిన అనుభవంతో డీజిల్ లారీ హెడ్డు మీద చెయ్యి పెట్టేవాళ్లు చేసే తప్పు ఇదే. హెడ్డు వైపు చేయదగింది ఒక్కటే: పోర్టు మొదట్లో పదునైన అంచు ఉంటే ఒకటి రెండు మిల్లీమీటర్ల గుండ్రం. ఐదు మిల్లీమీటర్ల లోతు దాటి లోపలికి పోవద్దు.

ఇక పని విధానం. మానిఫోల్డ్ విప్పే ముందే ఇంజిన్ పక్కభాగం కడిగి ఆరబెట్టాలి. విప్పగానే హెడ్డు పోర్టులకు గుడ్డలు కుక్కడం మామూలు. కుక్కిన గుడ్డల లెక్క గోడ మీద రాసుకోండి, ఒక్కటి లోపల మిగిలినా స్టార్ట్ చేయగానే వాల్వ్ కిందికి పోతుంది. హార్డ్‌బోర్డు ముక్క కోసి పాత ప్యాకింగ్‌తో కలిపి బిగిస్తే ఇంకా మంచిది. మానిఫోల్డ్ అల్యూమినియమా, పోత ఇనుమా చూసుకుని కడగాలి. ఇనుప బ్లాకులు నానబెట్టే కాస్టిక్ సోడా తొట్టిలో అల్యూమినియం వేస్తే లోహమే కరిగిపోతుంది, మంట అంటుకునే హైడ్రోజన్ కూడా వస్తుంది. అల్యూమినియానికి కిరోసిన్, బ్రష్షు, తర్వాత సబ్బు వేసిన వేడి నీళ్లు చాలు.

కడిగాక హెడ్డు పోర్టు ముద్ర తీసుకోవాలి. చాలామంది కొత్త ప్యాకింగ్ తెచ్చి మానిఫోల్డ్ మీద పెట్టి, దాని రంధ్రం చుట్టూ గీత గీసి ఆ గీత దాకా అరగదీస్తారు. ఇది తప్పు. ప్యాకింగ్ రంధ్రం సాధారణంగా రెండు పోర్టుల కన్నా పెద్దదిగా ఉంటుంది. దాని ప్రకారం పోతే మానిఫోల్డ్ రంధ్రం హెడ్డు పోర్టు కన్నా పెద్దదై, హెడ్డు అంచు గాలికి ఎదురుగా గోడ మాదిరి నిలబడుతుంది. సరైన పద్ధతి ఏమంటే, మందపాటి కాగితాన్ని హెడ్డు ముఖం మీద స్టడ్ల గుండా గుచ్చి గట్టిగా ఆనించి, పోర్టు అంచుల మీద వేలితో రుద్దాలి. అంచు ముద్ర కాగితం మీద పడుతుంది. అదే కాగితాన్ని అవే రంధ్రాల ఆధారంగా మానిఫోల్డ్ ముఖం మీద పెట్టాలి. ఇక్కడే పొరపాటు జరుగుతుంది. కాగితం రెండు ముఖాల మధ్య ఉండే వస్తువు. హెడ్డును చూసిన పక్క ఎప్పుడూ హెడ్డు వైపే ఉండాలి. మానిఫోల్డ్‌ను బల్ల మీద వెల్లకిలా పెట్టి గీసేటప్పుడు కాగితం తిరగేసి పెట్టకపోతే ఒకటో పోర్టు గీత ఆరో పోర్టు మీద పడుతుంది. కాగితం ఒక మూల కత్తిరించి ‘ఫ్యాన్ పక్క’, ‘హెడ్డు వైపు’ అని రాసుకుంటే ఈ ఇబ్బంది రాదు.

మరొక సంగతి. బోల్టు రంధ్రాలు బోల్టు కన్నా వదులుగా ఉంటాయి. మానిఫోల్డ్ బిగించిన ప్రతిసారీ ఒక మిల్లీమీటరు అటూ ఇటూ కూర్చోవచ్చు. అట్లాంటప్పుడు అర మిల్లీమీటరు లెక్కతో చేసిన పనంతా వృథా. అందుకని ఎదురెదురు మూలల్లో రెండు రంధ్రాలకు బిగుతుగా పట్టే స్లీవులు లేత్‌లో తీయించి వేస్తే మానిఫోల్డ్ ప్రతిసారీ ఒకే చోట కూర్చుంటుంది. ఈ చిన్న పని చేయకుండా పోర్టు మ్యాచింగ్ చేశామని చెప్పడానికి లేదు.

గీత ఎక్కడ ఉండాలి? మానిఫోల్డ్ రంధ్రం హెడ్డు పోర్టు కన్నా ప్రతి పక్కా అర మిల్లీమీటరు చిన్నదిగా ఉండాలి. గాలి చిన్న దారి నుంచి పెద్ద దారిలోకి దూకితే పెద్ద నష్టం లేదు. పెద్ద దారి నుంచి వచ్చి చిన్నదాని అంచుకు గుద్దుకుంటేనే నష్టం. సరిగ్గా సమానం చేయాలని తాపత్రయపడితే బిగింపులో వచ్చే చిన్న తేడాకే ఎదురు అంచు తయారవుతుంది.

అరగదీయడానికి డై గ్రైండర్, కార్బైడ్ కట్టర్లు కావాలి. పోత ఇనుముకు అడ్డనిలువు పళ్ల కట్టర్, అల్యూమినియానికి వెడల్పు గాడి ఉన్న ఒంటి పళ్ల కట్టర్. అల్యూమినియం మీద గ్రైండింగ్ రాయి వాడితే లోహం రాతిలో నిండిపోతుంది, వేడెక్కి రాయి పగిలి ముఖానికి వస్తుంది. కట్టర్ పళ్లకు మధ్య మధ్య కొవ్వొత్తి మైనం రుద్దితే అల్యూమినియం అంటుకోదు. కిరోసిన్ కూడా పనిచేస్తుంది కానీ నిప్పు భయం ఉంది. లోపలి దాకా చేరడానికి పొడుగు కాడ కట్టర్ వాడితే వేగం బాగా తగ్గించాలి, కట్టర్‌ను రంధ్రంలో పెట్టిన తర్వాతే స్విచ్ వేయాలి. గాలిలో పూర్తి వేగంతో తిప్పితే కాడ వంగి కొరడా మాదిరి కొడుతుంది. కళ్లద్దాలు, మాస్కు లేకుండా కుర్రాళ్లను ఈ పనికి కూర్చోబెట్టవద్దు.

మొదట రెక్కలు, ఇసుక కణాలు అంటుకున్న చోట్లు తీయండి. తర్వాత గీత దాకా వచ్చి, అక్కడి నుంచి లోపలికి 25, 30 మిల్లీమీటర్ల పొడవున మెల్లగా కలపండి. కొస దగ్గర మాత్రమే వెడల్పు చేసి వదిలేస్తే లోపల ఇంకో మెట్టు పుడుతుంది. వంపు లోపలి పక్క, అంటే గాలి మలుపు తిరిగే పొట్టి పక్క ఎక్కువ తీయవద్దు. అక్కడ తీసేకొద్దీ మలుపు పదునై గాలి గోడను వదిలేస్తుంది. గోడ మందం బయటి కాలిపర్‌తో ఎప్పటికప్పుడు చూసుకోవాలి. మూడు మిల్లీమీటర్ల కన్నా పలచబడనివ్వకూడదన్నది మా నిబంధన. కోర్ జరిగిన పోతలో ఒక పక్క గోడ ముందే పలచగా ఉంటుంది. అట్లాంటిచోట గీత దాకా పోకుండా ఆగిపోవడమే మంచిది.

ఫలితం ఎక్కువున్న చోటు ఇంకొకటి ఉంది, దాన్ని చాలామంది వదిలేస్తారు. పెద్ద పెట్టెలోంచి ఒక్కో గొట్టంలోకి గాలి దిగే మొదటి అంచు. అది పదునుగా ఉంటే గాలి వేగపు ఒత్తిడిలో సగం అక్కడే పోతుంది. నష్టం గుణకం 0.5. అంచుకు గొట్టం వ్యాసంలో ఆరు శాతం గుండ్రం పడితే గుణకం 0.15కు దిగుతుంది. పది శాతం పడితే 0.1 దరిదాపులకు వస్తుంది. పదిహేను శాతం దాటాక 0.04, ఆపై ఏమీ మిగలదు. 45 మి.మీ. గొట్టానికి ఆరు శాతం అంటే మూడు మిల్లీమీటర్ల లోపు గుండ్రం. ఇంత చిన్న పనికి ఇంత ఫలితం మానిఫోల్డ్‌లో మరెక్కడా రాదు. హెడ్డు వైపు ఒక రోజంతా కూర్చుని నునుపు చేసేకన్నా ఈ ఆరు అంచులకు గంటసేపు పెట్టండి. మూత విప్పగలిగే పెట్టె అయితే సులువు. మూసిన పోత అయితే గొట్టంలోంచి పొడుగు కాడ గుండు కట్టర్ చేరినంత మేరే చేయగలం. చేరని చోట బలవంతం చేస్తే గాడులు పడతాయి.

నునుపు గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. 80 నంబరు ఉప్పుకాగితం చుట్ట దగ్గర ఆగండి. డీజిల్ మానిఫోల్డ్‌లో ఒట్టి గాలే పోతుంది, అంతకు మించిన మెరుగు చూపుకే. మానిఫోల్డ్‌లోనే పెట్రోల్ కలిసే పాత కార్బురేటర్ ఇంజిన్లకైతే అద్దం మెరుగు చెడుపు కూడా చేస్తుంది, తుంపర గోడకు అంటి ధారగా కారుతుంది.

అసలు ప్రమాదం కడగడంలో ఉంది. ఒక్క అల్యూమినియం పొట్టు, ఒక్క ఇసుక రేణువు లైనరు మీద గీత పెట్టడానికి చాలు. అల్యూమినియం అయస్కాంతానికి అంటదు కాబట్టి అయస్కాంతం తిప్పి ఊరుకోకూడదు. ముందు కంప్రెసర్ గాలి, తర్వాత సబ్బు వేడి నీళ్లు, సీసాలు కడిగే పొడుగు బ్రష్షు, మళ్లీ గాలి, మళ్లీ నీళ్లు. చివర నూనె తడిపిన తెల్ల గుడ్డ ప్రతి గొట్టంలో తిప్పి తీయండి. నల్లటి మచ్చ కనపడితే మొదటి నుంచి కడగాలి. సెన్సర్ రంధ్రాలు, చివరి మూలలు, స్టడ్ మరలు మర్చిపోవద్దు. ఇక ఇసుకతోనో గాజు పూసలతోనో మానిఫోల్డ్ లోపల బ్లాస్టింగ్ చేయించడం మాత్రం వద్దే వద్దు. పోత రంధ్రాల్లో ఇరుక్కున్న రేణువులు ఎంత కడిగినా రావు, ఇంజిన్ వేడికీ అదురుకూ ఒక్కొక్కటిగా ఊడి సిలిండర్‌లోకి దిగుతాయి.

అరగదీసినప్పుడు పోతలో దాగిన గాలి బొక్కలు బయటపడవచ్చు. అందుకని బిగించే ముందు మానిఫోల్డ్ నోళ్లన్నీ రబ్బరు, ప్లేట్లతో మూసి, రెగ్యులేటర్ పెట్టి ఒక కేజీ ప్రెషర్ మించకుండా గాలి ఇచ్చి నీళ్ల తొట్టిలో ముంచి చూడండి. రెగ్యులేటర్ లేకుండా కంప్రెసర్ గాలి నేరుగా పెట్టడం ప్రమాదం. ముఖం తిన్నగా ఉందో లేదో స్ట్రెయిట్ ఎడ్జ్ ఆనించి ఫీలర్ గేజ్‌తో చూడాలి. 0.10 మి.మీ. ఆకు దూరితే ఫేసింగ్ (ముఖాన్ని మిషన్ మీద తిన్నగా చేయడం) చేయించాల్సిందే. ప్యాకింగ్ కొత్తది వేయాలి, దాని అంచు గాలి దారిలోకి పొడుచుకు రాకూడదు. ప్యాకింగ్ మీద సిలికాన్ పేస్టు దట్టంగా పూస్తే లోపలికి పిండుకుని, ఎండి, ముక్కలై ఊడుతుంది. ఎం8 బోల్టులకు, కంపెనీ పుస్తకంలో వేరే అంకె లేకపోతే, 24 న్యూటన్ మీటర్లు సరిపోతుంది. మధ్య నుంచి బయటికి, అటొకటి ఇటొకటి, రెండు విడతలుగా బిగించండి. అల్యూమినియంలో చేతి అంచనాతో బిగిస్తే మర పోతుంది.

టర్బో లేని ఇంజిన్‌లో ఈ జాయింటు లీకైతే చప్పుడు రాదు, పొగ కూడా పెద్దగా మారదు. ఫిల్టర్ దాటిన తర్వాత దుమ్ము నేరుగా లోపలికి పోతుంది, అంతే. కుప్పం, పలమనేరు వైపు గ్రానైట్ క్వారీల దుమ్ము స్ఫటిక పొడి. కొత్త రింగులు, లైనర్లు కొన్ని నెలల్లో అరిగిపోతాయి, ఇంజిన్ ఆయిల్ తాగడం మొదలుపెడుతుంది. టర్బో బండిలో మానిఫోల్డ్ దగ్గర లీకు బయటికి చిమ్ముతుంది కాబట్టి ఈల శబ్దంతోనో నల్లపొగతోనో తెలుస్తుంది. కానీ ఫిల్టర్‌కూ టర్బోకూ మధ్య హోసు ఎప్పుడూ పీల్చే పక్కే. అక్కడ క్లిప్పు వదులైతే టర్బో కంప్రెసర్ చక్రం ఆకులే అరిగిపోతాయి. మానిఫోల్డ్ పని పూర్తయిందని సంబరపడేలోపు ఆ క్లిప్పులు చేత్తో కదిపి చూడండి.

ఈజీఆర్ (కాలిన పొగలో కొంత మళ్లీ సిలిండర్లకు పంపే ఏర్పాటు) ఉన్న బీఎస్-4 ఇంజిన్లకు పోర్టింగ్ కన్నా శుభ్రం చేయడమే పెద్ద పని. సైలెన్సర్ పక్క నుంచి తిరిగొచ్చే మసి, బ్రీదర్ (ఇంజిన్ లోపలి ఆవిరి బయటికి పోయే గొట్టం) నుంచి వచ్చే ఆయిల్ ఆవిరి కలిసి తారు మాదిరి పేరుకుని దారి సన్నబడుతుంది. దాన్ని బండి మీదే గీకితే పెచ్చులు లోపల పడతాయి. విప్పి, నానబెట్టి తీయాలి. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 లారీల మానిఫోల్డ్ జోలికి మాత్రం పోవద్దని గట్టిగా చెబుతున్నాం. వాటిలో గాలి ఎంత పోతుందో లెక్కగట్టి కంప్యూటర్ డీజిల్, ఈజీఆర్ రెండూ నిర్ణయిస్తుంది. దారి కొలత మారితే లెక్క తప్పుతుంది, మసి ఫిల్టర్ త్వరగా నిండుతుంది, వారంటీ కూడా పోతుంది.

చిత్తూరు, తిరుపతిలో ఐటీఐలు, పాలిటెక్నిక్‌లు నడిపే పెద్దలకు ఒక విన్నపం. రంగునీళ్ల పైపుతో ఫిల్టర్ అడ్డం కొలవడం, కాగితం మీద పోర్టు ముద్ర తీయడం, నీళ్ల తొట్టిలో లీకు చూడడం, ఈ మూడూ డీజిల్ మెకానిక్ విద్యార్థులకు ఒక్క పూటలో నేర్పగలిగినవి. పెద్ద ఖర్చు లేదు. షెడ్డులో అడుగుపెట్టిన రోజు నుంచే అవి పనికొస్తాయి.

లారీ యజమానులకు చెప్పేదేమంటే, పోర్టింగ్ చేయించుకుంటే చీటీ మీద కొలతలు రాయించుకోండి. ఫిల్టర్ అడ్డం ముందు ఎంత, తర్వాత ఎంత, హెడ్డు పోర్టు ఎంత, మానిఫోల్డ్ రంధ్రం ఎంత, ఏ బోల్టుకు ఎంత బిగింపు. బండి వెయ్యి కిలోమీటర్లు తిరిగాక ఇంజిన్ చల్లబడినప్పుడు బోల్టుల బిగువు మళ్లీ చూపించండి. బండిని షెడ్డులో వదిలే రోజే పంపు సీలు ఫోటో తీసి పెట్టుకోండి. తిరిగి తీసుకునే రోజు పక్కన పెట్టి చూడండి. సీలు తెగి ఉంటే, పంపును కాలిబ్రేషన్ బెంచికి పంపించి డీజిల్ కొలత కంపెనీ అంకెకు తెచ్చిన తర్వాతే లోడు ఎక్కించండి.

ఇట్లు,
లారీ ఇంజిన్ మేస్త్రీలు,
చిత్తూరు.